మైకు లేని రేడియో

మొన్న ఫోన్ చార్జరు కోసం హవల్లీ బజారుకి వెళ్తే, పాత సామాన్ల కొట్టు అద్దాల బీరువాలో ఒక సీబీ రేడియో, బళ్లలో పెట్టుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే రకం, కనిపించింది. మైకు లేదు కాబట్టే చవక అన్నాడు కొట్టతను. నాకింకా ముప్ఫై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని తెలుసు. కానీ కువైట్‌లో నా మొదటి చలికాలం గుర్తొచ్చాక వయసు చూసుకుని ఆగబుద్ధి కాలేదు.

అప్పట్లో మా బావ పూచీ మీద ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరాను. చలికాలంలో ఆ ఇంటివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకునేవారు. ఫోను సరిగా అందని ఆ చోట జీపుకొకటి, గుడారానికొకటి సీబీ రేడియోలు. చుట్టుపక్కల వాళ్లందరికీ ఒకటే చానెల్. యజమాని నాకు నేర్పింది ఒక్కటే: బొత్తాం నొక్కి మాట్లాడు, వదిలి విను, నువ్వు నొక్కినంతసేపూ ఇంకొకరి మాట నీకు వినబడదు. పనికోసం నేర్పిన ఆ విద్య వారం తిరక్కుండా నాకు వ్యసనమైంది.

ఒక సాయంత్రం అందులోంచి ఎవరో తెలుగులో ఇసకను తిట్టడం వినిపించింది. రాయచోటి పెద్దాయన, పక్కనెక్కడో గుడారంలో డ్రైవరు. చాచా అని పిలవడం మొదలుపెట్టాను. రోజూ మాట్లాడుకునేవాళ్లం, ముఖం ఎప్పుడూ చూసుకోలేదు, రోజూ కలిసే మనిషి ఫోన్ నంబరు తీసుకోవాలని తోచనూ లేదు.

మా కోనసీమ పలకరింపుకి ఒక పద్ధతుంది. అమ్మగారు కులాసాయేనా అని మొదలెడితే, ఆవిడ మోకాళ్లూ, మనవలూ, పాడిగేదే దాటి గానీ ఆగం. ఓ రోజు బొత్తాం మీద బొటనవేలు తియ్యకుండా చాచాను అలా పరామర్శిస్తున్న వేళకే, ముసలి తల్లితో వస్తున్న యజమాని జీపు ఇసకలో కూరుకుపోయి, ఆయన నన్ను పిలిచి పిలిచి అలిసిపోయాడు. ఎడారి, ప్రాణగండం అని రాయాలనే ఉంది గానీ, మా గుడారం జెండా అక్కడికి కనబడుతూనే ఉంది. ఆయన నడిచొచ్చాడు, ఆవిడ జీపులో కూర్చుని పిస్తాలు తిన్నదట. ఉద్యోగం పోయింది, బావ మాట పోయింది అనుకున్నాను. ఆయన మాత్రం గుడారంలోని రేడియోకి మైకు పీకి జేబులో వేసుకుని, ఇక అయిపోయిందన్నట్టు "ఖలాస్" అన్నాడు.

ఆ తరవాత నాది వినడమే. సాయంత్రమయ్యేసరికి చాచా పిలిచేవాడు.

"ఏమప్పా, ఉండావా?"

ఉన్నానని చెప్పే దారి లేదు, జీపుల తాళాలూ సాయంత్రమైతే యజమాని దగ్గరే ఉండేవి. ఒకరోజు అన్నాడు, "ఇఖామా ఖలాస్ అప్పా. రేపు ఊరికి పోతాండా. మళ్ల రాను." ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు గడువు తీరిపోయిందన్నమాట. ఒక్క నిమిషం మైకు ఇప్పించమని, పనివాళ్లం మామా అని పిలిచే యజమాని భార్య దగ్గరికి పరిగెత్తాను. యజమాని దాన్ని జేబులో పెట్టుకునే సిటీకి వెళ్లాడని ఆవిడ నవ్వింది. తిరిగొచ్చేసరికి చాచా ఇంకా మాట్లాడుతున్నాడు.

"నువ్వు ఇంటాండావని నాకు తెలుసులేప్పా. మా ఇంటి నంబరు చెప్తా, రాసుకో."

పెన్ను దొరక్క బొగ్గుముక్కతో అట్టపెట్టె మీద రాస్తున్నాను. చివరి రెండంకెలు మిగిలాయనగా, ఆయన గొంతు మీద ఇంకో గొంతు పడింది.

"ఏవండోయ్, భోంచేశారా? అమ్మగారు కులాసాయేనా?"

మా వైపు వాడే, ఏ గుడారంలోనో కొత్తగా దిగినట్టున్నాడు. బొత్తాం వదల్లేదు. అతని పరామర్శ గేదెదాకా వెళ్లి ఆగేసరికి చాచా లేడు. అతన్ని ఏమని తిట్టను? మైకు ఉంటే నేనూ అదే అడుగుతూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఎడారిలోనూ ఫోను బాగానే అందుతోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకుంటున్నాం కూడా. అవతలి మనిషి విన్నాడో లేదో నీలం టిక్కులు చూసి తెలుసుకుంటున్నాం.

మైకు లేంది దేనికి పనికొస్తుంది అన్నాడు కొట్టతను. వినడానికి అని చెప్పబోయి, చార్జరు ఒక్కటే కొనుక్కుని వచ్చేశాను.