కుడికాలి గీత

ముందు వినిపించేది ఒక శబ్దం. స్‌ర్‌ర్... బూటు మొన మట్టిని గీసుకుంటూ పోయే శబ్దం. వెంటనే తోలు గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు. అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్ళో ఓ ఇంటి వెనక, గడ్డి పీకేసిన జాగాలో, బోర్లించిన బకెట్ మీద కూర్చుని బంతులు పట్టే మనిషి చాముండేశ్వరి. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టర్. పొద్దు వాలితే కూతురు రిషితకి క్యాచర్.

సాఫ్ట్‌బాల్‌లో బంతి విసిరే అమ్మాయి ఎంత విసురుగా ముందుకి అంగ వేసినా వెనక కాలు మట్టిలో గీత గీస్తూ రావాలి, నేలని వదలకూడదు. రెండు పాదాలూ గాల్లో ఉంటే తప్పు. చాముండేశ్వరి కళ్ళు బంతి మీద, చెవులు ఆ కాలి మీద. శబ్దం తెగితే "మళ్ళీ" అనేది. ఇంకో నియమం ఆమె సొంతం: విసిరేటప్పుడు నీ కాలు చేసిన గుంత నువ్వే పూడ్చాలి, తర్వాత వచ్చే పిల్ల కాలు మడతపడకూడదు.

2012 జూన్, లీగ్ ఫైనల్. చివరి ఇన్నింగ్స్, స్కోరు సమం, అవతలి జట్టు పిల్ల మూడో బేస్ మీద, పరుగుకి ఒక్క మజిలీ దూరంలో. రిషిత విసిరింది. బ్యాట్ గాలినే కొట్టింది. కంచె వెనకున్న చాముండేశ్వరికి ఆ స్‌ర్‌ర్ తెగకుండా వినిపించింది. అంపైర్ మాత్రం చెయ్యి చాచాడు.

"ఇల్లీగల్ పిచ్. కాలు లేచింది."

ఆ తప్పుకి శిక్షగా మూడో బేస్ పిల్ల తాపీగా నడిచి హోమ్ ప్లేట్ చేరి గెలుపు పరుగు తీసుకుంది. ఆట అయిపోయింది. అవతలి బెంచీ నుంచి ఎవరో "చీటర్!" అని అరిచారు.

"వదిలేయ్ చామూ, గేమే కదా," అన్నాడు భర్త రఘువీర్.

"గేమ్ పోతే పోనీ రఘూ. పిల్లని చీటర్ అన్నారు! కాలు లేస్తే గీత మధ్యలో తెగాలి కదా, తెగిందేమో చూపించమను!"

కంచె చుట్టి, గేటు దాటి, అంపైర్‌ని రమ్మని రమ్మని లాక్కొచ్చింది. రిషిత బంతి విసిరిన చోటే ఉంది. కళ్ళు కారుతున్నాయి. కాలు మాత్రం అలవాటుగా మట్టి సర్దుతోంది. గుంత నిండింది. గీత లేదు. వాన వెలిసిన ఆకాశంలా నేల మచ్చలేకుండా ఉంది.

"అయ్యో, ఏం చేశావే!"

"నువ్వే కదమ్మా ఫిల్ చేయమన్నావ్? నెక్స్ట్ గేమ్ లిటిల్ కిడ్స్‌ది."

"నా కళ్ళతో చూశాను మేడమ్," అని అంపైర్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళయినా ఆమె కోపం ఆరలేదు. రిషిత ఇప్పుడు హైస్కూల్ జట్టుకి విసురుతోంది. ఇదంతా రాసుకోవడానికి వచ్చినవాళ్ళని కారు దాకా సాగనంపుతూ చాముండేశ్వరి అంది:

"గుంత పూడ్చడం మాన్పించలేదండీ, మాన్పించను కూడా. కాకపోతే ఏ అంపైరైనా తప్పని చెయ్యి చాచాడంటే నా కూతురు కదలదు. ముందు వచ్చి ఆ గీత చూడమంటుంది. చూశాకే పూడుస్తుంది."