అల్మారాలో ఫోను, ఆన్‌లైన్లో ఆయన

ఆ రోజుల్లో దయ్యాలకు కూడా ఒక వేళాపాళా ఉండేది. దీపాలు పెట్టాక వచ్చేవి, తెల్లారేలోపు పోయేవి, మనమూ ఆ వేళకే భయపడి పడుకునేవాళ్లం. మూడో తరగతితో బడి మానేసిన నాకు తెలిసిన దయ్యాలు అవే. మిట్టమధ్యాహ్నం, భిలాయి ఎండలో, కూలర్ ముందు కూర్చుని పప్పులో రాళ్లు ఏరుకునే మనిషికి దయ్యం కనిపిస్తుందని ఎవరైనా అంటే తిట్టి పంపేదాన్ని. మా మనవరాలు ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న వేసవిలో సరిగ్గా అదే జరిగింది.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లు. ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఫోను నేను పారేయలేదు (బాగున్న వస్తువును పారేసే వంశం కాదు మాది). గ్యాసు బండ బుక్ చేయాలన్నా, బ్యాంకువాళ్లు అంకెలు పంపాలన్నా ఆ నంబరుకే. అందుకని రీఛార్జి చేయిస్తూ, అప్పుడప్పుడూ బయటికి తీసి ఛార్జింగ్ పెట్టి, మళ్లీ అల్మారాలో ఆయన స్వెటర్ కింద దాచి తాళం వేసేదాన్ని. నా ఫోనులో ఆయన పేరు తెరిస్తే పసుపు హెల్మెట్‌తో, నవ్వకుండా, ఆయన బొమ్మ అలాగే ఉండేది.

ఆ మధ్యాహ్నం పని లేక ఆ పేరు తెరిచాను. బొమ్మ పక్కన 'ఆన్‌లైన్' అని ఉంది. కూడబలుక్కుని మళ్లీ చదివాను. చదువుతుండగానే ఆ మాట పోయి 'టైపింగ్' అని వచ్చింది. అల్మారా తాళంచెవి నా రొంటినే ఉంది. వడగాలికి కిటికీ రెక్క ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంది. టైపింగ్ ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. కబురు మాత్రం రాలేదు. నేనేం చేశానంటే (నవ్వకండి), లేచి వెళ్లి తల దువ్వుకున్నాను. కుచ్చిళ్లు సర్దుకున్నాను. తిరిగొచ్చి, మనిషి దొరికినప్పుడే అడగాలి కదా అని, ఒక్కో అక్షరం వెతికి కొట్టాను: "అటక మీది ట్రంకుపెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టేరు?"

టైపింగ్ పోయింది. ఆన్‌లైన్ కూడా పోయింది. బతికున్నప్పుడూ ఇంతే, పని చెబితే మాయమయ్యేవాడు.

ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయికి చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, డాక్టరు ఊరికే చూడడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను గుర్రుమంది. ఆయన నుంచే. "మై తుఝే దేఖ్ రహా హూఁ." నిన్ను చూస్తూనే ఉన్నానని. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. అలా బిగుసుకుపోయి కూర్చున్నాక బుర్ర పనిచేసింది. విజయనగరం నుంచి వచ్చి ఈ ఊళ్లోనే ముసలివాడైనా, ఆయన నాతో ఒక్క హిందీ ముక్క మాట్లాడలేదు. పోయాక కొత్తగా మొదలుపెట్టే ఓపిక ఆయనకు లేదు. ఈ ఇంట్లో హిందీలో దయ్యమయ్యేది ఒక్కతే.

వెనక గదిలో, కిటికీలన్నీ మూసుకుని, మనవరాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద మా ఆయన హెల్మెట్.

"ఏటే ఇది?"

"మామ్మా! నీకొచ్చేసిందా? గలతీ సే... నీ పేరు పైన ఉంటే చూడకుండా నొక్కేశాను."

"ఎవర్నే తాత పేరెట్టుకుని సూస్తన్నావు?"

ఛార్జింగ్ పెట్టిన రోజున ఆ ఫోనును తన లాప్‌టాప్‌కి కలుపుకుందట. కాలేజీలో దీనికి ప్రాణస్నేహితురాలు, రుఆబాంధా పేటలో ఉండే పిల్ల, క్లాసులో ఇది నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. అందరూ నవ్వారు. అప్పటినుంచి తాత నంబరుతో ఆ పిల్లకు కబుర్లు. 'నేను పోయి రెండేళ్లయింది. నీ గదిలో పచ్చ పరదా బాగుంది. ఇప్పుడు నువ్వు తలుపు వైపు చూశావు' అని (ఆ గది దీనికి తెలిసిందే, మిగతాది ఊహ). ఆ పిల్ల అన్నం మానేసి, గది దాటకుండా కూర్చుంది. సోమవారం నుంచి ఆఖరి పరీక్షలు. రానంటోంది. ఏడాది పోతుంది.

"ఆపెయ్యొచ్చు కదే?"

"ఆపుదామనే కూర్చుంటాను మామ్మా. ఆ ఫొటో గుర్తొస్తే గుస్సా వచ్చేస్తాది. చేతులు వాటంతటవే కొట్టేస్తాయి."

తెర వెలుగులో దాని ముఖం నా మనవరాలి ముఖంలా లేదు. ఆన్‌లైన్ చూసినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది.

మా ఆయనకూ కోపం ఉండేది. ఫోర్‌మన్‌తో గొడవైన రోజు ఎవరితోనూ మాట్లాడకుండా డ్యూటీ బట్టలు తనే ఉతుక్కునేవాడు. బండ మీద బాదుడు వినే సంగతి పోల్చుకునేదాన్ని. నల్లనీళ్లు తేటపడ్డాకే అన్నానికి వచ్చేవాడు. అందుకే చలికాలం దుప్పట్లన్నీ తెచ్చి దీని ముందు పడేశాను (ఎలాగూ ఉతకాల్సినవే).

"తాత ఏసం కట్టేవు కదా, తాత పని కూడా సెయ్యి."

"వాషింగ్ మెషీన్ ఉంది కదా మామ్మా!"

"దానికి కోపం రాలేదు."

బాదింది, ఏడ్చింది, మళ్లీ బాదింది. చివరికి చేతులు వేలాడేసి, "ఆకలేస్తంది" అంది.

"ఆ పిల్లకీ ఏస్తాది. పద."

ఆటోలో రుఆబాంధా చేరేసరికి ప్లాంటు వైపు కరిగిన ఇనుప చిట్టెం పారబోశారు కాబోలు, ఆకాశం ఎర్రగా మండింది. ఆ వెలుగులోనే ఆ పిల్ల తలుపు సందులోంచి చూసింది. కళ్లు గుంటలు పడ్డాయి. నా ఫోనులో ఆయన బొమ్మ చూపించగానే కెవ్వుమంది.

"డరో మత్ బేటీ. యే మేరా ఆద్మీ హై," అన్నాను, భయపడకు, ఈయన నా మొగుడేనని. బజారుకెళ్లమంటేనే కదలని మనిషి, చచ్చి ఇంతదూరం వస్తాడా అని నా హిందీలోనే చెప్పాను. వెనకే వచ్చిన వాళ్లమ్మ నవ్వింది, ఆ పిల్ల నవ్వలేదు.

"మైనే కియా," అంది మనవరాలు. నేనే చేశాను.

ఆ పిల్ల దీని చెంప పగలగొట్టింది. మనవరాలి చేయి లేచింది. నేను అడ్డు వెళ్లలేదు. లేచిన చేయి అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగింది. అప్పుడు ఆ పిల్ల దీన్ని పట్టుకుని ఏడ్చింది. ఫొటో తీసేస్తానంది. సోమవారం ఇద్దరూ కలిసే పరీక్షకు వెళ్లారు.

తిరుగు ఆటోలో అడిగాను. "నిన్న మద్దేనం తాళంచెవి అడిగితే జవాబియ్యకుండా పారిపోయేవేటే?"

"అది నేను రాత్రి చూశాను మామ్మా. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉన్నాను కదా. లాప్‌టాప్ ఇంట్లోనే, మూసేసి ఉంది."

తర్వాతెప్పుడో చెబితే, నెట్‌వర్క్ తప్పంటాడు మా అబ్బాయి. అయ్యుండొచ్చు. కానీ ఒక మాట మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెట్టి, చెప్పకుండానే లేచిపోవడం ఆయన పద్ధతి.

మనవరాలు ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తోంది. ఒళ్లు మండిన రోజున దుప్పట్లు నానబెట్టి ఫోను చేస్తుంది. ఆయన నంబరుకు నేను రీఛార్జి చేయిస్తూనే ఉన్నాను, గ్యాసు కోసమే. మధ్యాహ్నంపూట ఆ పేరు తెరిచే ముందు మాత్రం, ఈ వయసులో నాకిదేం బుద్ధో, ఓసారి తల దువ్వుకుంటాను. తాళంచెవి ఇంకా దొరకలేదు.