తిన్నాక అడిగిన మాట

డిసెంబరు వచ్చిందంటే మా సంఘంలో ఆడవాళ్ళందరికీ ఒకటే గుబులు, ఈసారి భోజనానికి ఎవరింటికి పోవాల్సి వస్తుందో అని. బయటివాళ్ళతో ఈ మాటంటే నవ్వుతారు. భోజనానికి పిలిస్తే గుబులెందుకమ్మా అంటారు. వాళ్ళు మా పల్లెల్లో పుట్టలేదు, అదృష్టవంతులు.

మాది మహిళా శాంతి సంఘం. జమ్మలమడుగులో మా చర్చి వెనక ఉన్న పాత బడి గదిలో కూడుతాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో, ముఠా తగాదాల్లో మొగుణ్ణో కొడుకునో తోడబుట్టినవాణ్ణో పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఇందులో సభ్యులు. రెండు పక్షాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుంటారు, కాకపోతే చెరో కొసన. నేను అట్లా ఎవరినీ పోగొట్టుకోలేదు. ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యాను గనుక, పై దేశాల వాళ్ళతో మాట్లాడేటప్పుడు అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి నన్ను చేర్చుకున్నారు. మీ తాతలకు మిషన్ దొరసానులు నేర్పిన ఇంగ్లీషు ఇన్నాళ్ళకు దొరసానులతో మాట్లాడటానికే పనికొచ్చింది అని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

పై దేశాల్లో మాలాంటి సంఘాలు చాలా ఉన్నాయి. ఏడాదిలో ఒక రోజు అన్ని దేశాల్లోనూ మేమందరం నల్లబట్టలు కట్టుకుని, నోరు మెదపకుండా, నడివీధిలో గంటసేపు నిలబడతాం. మేం ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి మొదట్లో నిలబడతాం. మొదటిసారి నిలబడ్డప్పుడు ఒక అంగడాయన బయటికొచ్చి, "ఏంది తల్లీ, బంగారం రేటు తగ్గించమనా?" అని అడిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మాట్లాడకూడదని నియమం. ఆ గంటా పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. ఇంటికొచ్చాక ఆ కోపమంతా మా ఆయన మీద తీర్చుకున్నాను.

భోజనం సంగతి చెప్పాలి. మా సంఘంలో అధ్యక్షురాలి పదవి ఒక్క ఏడాదే. ఈ ఏడు ఒక పక్షం ఆమె ఉంటే, వచ్చే ఏడు ఎదుటి పక్షం ఆమె. డిసెంబరు మొదట్లో ఎదుటి పక్షం వాళ్ళ పేర్లు చీటీల మీద రాసి ఒకటి తీస్తాం. ఎవరి పేరొస్తే వాళ్ళింటికి, దిగిపోయే అధ్యక్షురాలు ఆ నెలలోనే వెళ్ళి, కూర్చుని, కడుపునిండా తినాలి. తింటేనే పదవి ఆ ఇంటామెకు మారినట్టు. పగ ఉన్న ఇంట్లో మెతుకు ముట్టడం మా వైపు ఎంత కష్టమో సంఘం పెట్టినవాళ్ళకు తెలుసు. తెలిసే ఈ నియమం పెట్టారు. తమ ఇంట్లో తిన్న మనిషితో ఆ ఇంటివాళ్ళు అబద్ధమాడకూడదని కూడా మావాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అందుకే ఆ భోజనాల్లో వంటల సంగతీ వానల సంగతీ తప్ప ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్ళు కారు.

నేను చెప్పేది దిగిపోతున్న ఒక అధ్యక్షురాలి గురించి. పులివెందుల దగ్గర పల్లె ఆమెది, బత్తాయి తోట ఉంది, డెబ్బై దాటిన మనిషి. మేమందరం పెద్దమ్మా అనేవాళ్ళం. చాలా ఏళ్ళ కిందట, ఆమె ఒక్కగానొక్క కొడుకును, ఇంకా పెళ్ళి కూడా కానివాణ్ణి, తోట దారిలో నరికి చంపారు. మొదటి ముద్దాయి ఎదుటి పక్షం మనిషి. సాక్షులు మాట మార్చడంతో కేసు కొట్టేశారు. అతనే చంపాడని ఊరందరికీ తెలుసు, ఒక్క కోర్టుకు తప్ప.

అతని భార్య కూడా మా సంఘంలో సభ్యురాలే. ఆమె తమ్ముణ్ణి పెద్దమ్మ పక్షం వాళ్ళు చంపారు. పెద్దమ్మకంటే చాలా చిన్నది, అక్కా అని పిలిచేది. ఇద్దరూ నల్లబట్టలు కట్టుకుని పక్కపక్కన నిలబడేవాళ్ళు, ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. ఒకరి గడప ఒకరు తొక్కింది మాత్రం లేదు.

పెద్దమ్మ అధ్యక్షురాలిగా ఉన్న ఏడాదే అన్ని దేశాల సంఘాల సమావేశం కొలంబోలో జరిగింది. ఆమె, నేను వెళ్ళాం. సంచి నిండా బత్తాయిలు తెచ్చింది, అందరికీ పంచాలని. విమానాశ్రయంలో అక్కడి అధికారులు పండ్లు లోపలికి తేకూడదని పక్కన పెట్టేశారు. "మందు కొట్టని కాయలు, మీరన్నా తినండప్పా" అని తెలుగులోనే చెప్పింది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు, అప్పటికే వెనక పెద్ద వరస ఉంది.

ఆ సమావేశంలో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒకామె మాట్లాడింది. ఆమె మాట ఎవరో ఇంగ్లీషులో చెప్తే, నేను పెద్దమ్మ చెవిలో తెలుగులో చెప్పాను. తన కొడుకును చంపినవాడు ఏళ్ళ తర్వాత తన ఎదుట కూర్చుని, ఆ రోజు జరిగింది చెప్పాడట. చివరి క్షణంలో ఆ పిల్లవాడు అమ్మా అని పిలిచాడట. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది, మీరు కూడా అడగండి, అడిగే హక్కు మనకుంది అని చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ లేవలేదు. నా మణికట్టు పట్టుకుని, "మళ్ళీ చెప్పు టీచరమ్మా, సరిగ్గా చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.

"అట్ల అడగొచ్చునా?"

"వాళ్ళ దేశంలో అడుగుతారంట పెద్దమ్మా."

"మనోళ్ళు చెప్తారా?"

నాకేం తెలుసు? తెలీదన్నాను. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

డిసెంబరులో ఆదివారం ఆరాధన అయ్యాక, బడి గదిలో చీటీలు వేశాం. తీసింది నేనే. విప్పి పేరు చదివాక తలెత్తడానికి భయమేసింది. ఆ ముద్దాయి భార్య పేరు. మళ్ళీ తీయండి అని ఎవరో గొణిగారు. ఆమే లేచి నిలబడింది. "నాకొద్దు టీచరమ్మా. ఇంగో చీటీ తీయండి."

"యాల తీయాల?" అంది పెద్దమ్మ. "వచ్చే బేస్తవారం వస్తా. సంగటి చెయ్యి."

"ఆయన ఉంటాడక్కా ఇంట్లో. లేసి యాడికీ పోలేడు."

"ఉండనీ. ఉండాల్నే."

అందరూ ఇదెంత పెద్ద మనసో అని కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. గురువారం నేను తోడు పోవడానికి పులివెందులలో బస్సు దిగి, ఆమెతో కలిసి ఆటో కోసం నిలబడ్డప్పుడు గానీ ఆమె అసలు సంగతి చెప్పలేదు.

"తిన్యాక అడుగుతా టీచరమ్మా. తిన్యాక అబద్ధం చెప్పడు. నా కొడుకు నన్ను పిలిసింటాడు. ఆ మాట ఒగటి ఇంటే సాలు నాకు."

వద్దన్నాను. తిని వచ్చేద్దాం, పదవి మారిపోతుంది, ఇంకేం తవ్వొద్దు అని బతిమాలాను. ఆమె ఆటో ఎక్కి కూర్చుని నాకు చోటిచ్చింది.

అతను వసారాలో మంచం మీద ఉన్నాడు. చక్కెర జబ్బుతో ఒక కాలు తీసేశారు. ఏ రాక్షసుణ్ణో చూడాల్సి వస్తుందనుకుని వెళ్ళిన నాకు, దుప్పటి కప్పుకున్న ఎముకల పోగు కనిపించింది. మమ్మల్ని చూసి గోడవైపు తిరిగాడు. ఆమె చాప పరిచి సంగటి, నాటుకోడి పులుసు, తీపికి ఓళిగలు వడ్డించింది. పెద్దమ్మ మెతుకు మిగల్చకుండా తింది. "పులుసు శానా బాగుందమ్మీ" అంది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"అప్పా, నీ ఇంట్లో తిన్యా. ఇంగ నాకు నీతో కేసు లేదు, కొట్లాట లేదు. ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు. నా కొడుకు ఆకర్న ఏమన్యాడు?"

ఖాళీ గిన్నెలు లోపలికి తీసుకుపోతున్న అతని భార్య అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె కూడా ఎన్నడూ ఆ మాట అడగలేదని నాకు తర్వాత తెలిసింది. అతను గోడవైపే తిరిగి ఉన్నాడు. నిద్రపోయాడేమో, లేచి వచ్చేద్దాం అనుకున్నాను. అంతలో ఇటు తిరిగాడు.

"నీళ్ళడిగినాడు."

"ఇచ్చినారా?"

"లేదు."

"నన్నేమన్నా పిలిసినాడా? అమ్మా అన్యాడా?"

"లేదు. నీళ్ళే అడిగినాడు. రెండు మాట్లు అడిగినాడు." తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

పెద్దమ్మ లేచింది. గుమ్మం దగ్గర ఆ భార్య భుజం మీద చెయ్యేసి, "ఇంగ నువ్వే అధ్యక్షురాలివమ్మీ" అంది. నియమం ప్రకారం చెప్పాల్సిన మాట అది. ఊరు దాటి, బత్తాయి తోటల కంచె దగ్గరికి వచ్చేదాకా మామూలుగానే నడిచింది. అక్కడ కూలబడి, తిన్నదంతా కక్కుకుంది. నేను ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఆ మంచం మీది మనిషి మీదా, కొలంబోలో చప్పట్లు కొట్టినవాళ్ళ మీదా, ఆ మాటను చక్కటి తెలుగులో రెండుసార్లు చెప్పిన నా మీదా.

సంవత్సరం ఆఖరి రోజున అన్ని దేశాల సంఘాలూ ఫోన్లలో, కంప్యూటర్లలో కలుసుకుంటాయి. పాత అధ్యక్షులు సెలవు తీసుకుంటారు, కొత్తవాళ్ళు పలకరిస్తారు. మాకు మధ్యాహ్నం వేళ అది. బడి గదిలో నా కంప్యూటరు ముందు ఒక పక్క పెద్దమ్మ, ఒక పక్క కొత్త అధ్యక్షురాలు కూర్చున్నారు. ఆ భోజనం తర్వాత ఇద్దరూ కలవడం అదే మొదలు. మా వంతు వచ్చినప్పుడు సభ నడిపే ఆమె, మీ భోజనం ఆచారం ఎంత అందమైనదో, ఈ ఏడు ఎలా జరిగిందో చెప్పండి అని నవ్వుతూ అడిగింది. అందమైనది అన్న మాట నేను పెద్దమ్మకు చెప్పలేదు. ఎలా జరిగిందని అడుగుతున్నారు అని మాత్రం చెప్పాను.

"కొలంబోలో మాట్లాడిన ఆయమ్మ ఉందా దాంట్లో?" అని అడిగింది పెద్దమ్మ.

చూశాను. ఒక మూల చిన్న గడిలో ఉంది.

"ఆయమ్మకు చెప్పు. అడిగినా అని చెప్పు. అడిగితే చెప్తారు. చెప్పినంక మనం యాడికి పోవాల, అది చెప్పలేదే నువ్వు, అని అడుగు."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ చిన్న గడిలో ఆమె మొహం చేతుల్లో దాచుకోవడం కనిపించింది. సభ నడిపే ఆమె ధన్యవాదాలు చెప్పి, తర్వాతి దేశాన్ని పిలిచింది. నేను కంప్యూటరు మూత ధడాలున వేశాను.

గదిలో ముగ్గురమే మిగిలాం. అప్పుడు కొత్త అధ్యక్షురాలు తలొంచుకుని మాట్లాడింది.

"అక్కా, నాకీ పని వద్దు. ఆ పొద్దు నుంచి ఆయనకు నీళ్ళియ్యలేకపోతాండా. కూడు పెడతాండా, గుడ్డలు మారుస్తాండా. నీళ్ళ చెంబు ఎత్తితే చెయ్యి రాదు. పక్కింటామెతో ఇప్పిస్తాండా. ఈ పొద్దు ఆయమ్మ చేనికి పోయింది. పొద్దున్నే నీళ్ళడిగినాడు. ఇనపడనట్టు బస్సెక్కి వచ్చేసినా."

"పొద్దున నుంచి ఇయ్యలేదా?" అంది పెద్దమ్మ.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంది. నా మనసులో అప్పుడేమనిపించిందో దాచను. ఉండనీ, ఒక్క పూటన్నా తెలియనీ అనిపించింది.

పెద్దమ్మ ఆమె చేతిలోని ఫోను లాక్కుని నాకిచ్చింది. "ఆ పక్కింటామెకు చెయ్యి టీచరమ్మా. బిన్నా చెయ్యి."

నంబరు వెతికి కలిపి ఇచ్చాను. అవతల గాలి హోరు, ఆమె ఇంకా చేనిలోనే ఉన్నట్టుంది. పెద్దమ్మ లేచి నిలబడి, ఊరంతా వినపడేటట్టు అరిచింది.

"అమ్మా, మీ పక్కింట్లో మంచం మీద మనిషి పొద్దున నుంచి నీళ్ళు లేకుండా ఉండాడు. పని ఆడ పారేసి పో. పోయి నీళ్ళు తాపు."

"ఎవురమ్మా నువ్వు?" అని అడగడం నాకూ వినిపించింది.

పెద్దమ్మ చచ్చిపోయిన తన కొడుకు పేరు చెప్పి, "వాళ్ళమ్మను" అంది. "పరిగెత్తు తల్లీ."