ముందు దీపం దిగాలి

మా ఇంటాయన బతికున్నన్నాళ్లూ మూసి ఉన్న చోటు ఏది కనబడినా "గాలున్నదా?" అని అడిగేవాడు. నేలలో పాతర తవ్వి జొన్నలు దాచే ఇంట్లో పుట్టిన మనిషి మరి. పాతర మూత తీశాక ముందు దీపం దించాలి, అది ఆరకుంటేనే మనిషి దిగాలి. దవాఖానలో లిఫ్టు ఎక్కమన్నా ఆయనది అదే ప్రశ్న.

ఊళ్లోవాళ్లు బొర్రా గుహలకు బండి మాట్లాడితే నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఝరాసంగం, జహీరాబాదు తప్ప నేను చూసింది లేదు. ఈయనేమో డ్రైవరును పట్టుకున్నాడు.

"తమ్మీ, గా గుహ మూత తీసి ఎన్ని దినాలాయె?"

"దానికి మూతేంది కాకా! లోపల రంగురంగుల లైట్లుంటయి."

"గాలి లేకున్నా గవి ఎలుగుతయి. కందిలి దీపమైతె ఆరిపోయి చెప్తది. పట్టుకొస్త."

"బండ్ల గ్యాసునూనె వద్దు కాకా, అంటుకుంటది!"

"అయితె నా పెండ్లాం రాదు."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు ఇంట్లనే కూసో. నేనొక్కదాన్నే పోత," అని రొట్టెలు మూట కట్టుకున్నాను.

తెల్లవారి బండి దగ్గరికి వెళ్తే ఈయన అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ఒళ్లో ఖాళీ కందిలి.

"నూనె ఆడనే కొంట," అన్నాడు నా మొహం చూడకుండా. "ముందుగాల నేను దిగుత. నేను పిలిస్తెనే నువ్వు రా."

"మరి మా సంగతేంది కాకా?" అని వెనక సీట్లలో ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

ఈయన వెనక్కి తిరిగి, "మీ మొగోళ్లను అడుగున్రి," అన్నాడు.