గోడ మీద పసుపు గీత

ఆ ఉదయం తిరుపతిలోని ఆ ఇంటి వాకిట్లో ఉన్నవి టేపు, ముగ్గుపిండి, పార, వట్టివేరు, తుంగ, పొన్నగంటి నారు. మనుషులం ఇద్దరమే. అప్పట్లో మేడమీద అద్దెకున్న నేను, కింద ఒంటరిగా ఉండే ఇంటి ఓనరమ్మ.

వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా మట్టిలోకి ఇంకేలా వాకిట్లో గుంత తీసి, మొక్కలు నాటాలని నా ప్లాను. ముగ్గుపిండితో హద్దు గీశాను. ఆమె గడప దిగలేదు.

"గుంత తీసి మరీ నీళ్లను రమ్మంటావా నాయనా?"

ఆమె చెయ్యి గోడ మీది పసుపు గీతను తాకింది. వరదొచ్చిన ఏడు ఇంట్లో నీళ్లు నిలిచిన ఎత్తు అది. శుక్రవారం గడపకు పసుపు రాసేటప్పుడు దానికీ రాసి, బొట్టు పెట్టి, మళ్లీ రావద్దని దణ్ణం పెట్టుకునేది. మబ్బు పడితే చాలు, చెయ్యి అక్కడికే పోయేది.

"గుంత నిండితే వీధి కాలవలోకి పోతాయి పెద్దమ్మా. దారి వదిలినాను."

"నీళ్లకు నీ ప్లాను సదవను వస్తాదా?"

ముగ్గు హద్దును చూసి మళ్లీ ఆమే అంది. "తవ్వు. గేటు కాడికి జరిపి తవ్వు."

నారు వేళ్లూనకముందే పెద్ద వాన పడింది. గుంతలో నీళ్లు పెరుగుతుంటే ఆమె గీత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. నా లెక్కల మీద నాకే నమ్మకం పోయింది. వాన నిలిచినా ఆమె చెయ్యి తియ్యలేదు.

"నిండేదానికి ఇంకా ఎంత ఉండాది? కొలిసి సెప్పు."

స్కేలు దించి చూశాను. రెండు అంగుళాలు.