టిబెట్ దేవుడికి కొత్త బట్టలు

భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని మా వీధిలో అందరూ మాట్లాడుకుంటున్న రోజులవి. విజయనగరంలో మా ఇంటి ముందు గదిలో నేను జాకెట్లు కుట్టే షాపు నడిపేదాన్ని. షాపంటే రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, గోడకి నిలువుటద్దం. గుమ్మం పక్కన పీట వేసుకుని మా అత్త కూర్చునేది. హుక్కులు, కాజాలు, చీరలకి ఫాల్సు ఆవిడ పని. వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడం కూడా ఆవిడ పనే. పుట్టిల్లు పొందూరు. చిన్నప్పుడు రాట్నం ముందు కూర్చుని సన్ననూలు వడికిన మనిషి కాబట్టి, నూలుబట్ట తప్ప మిగతావేవీ ఆవిడ దృష్టిలో బట్టలే కావు. పట్టుచీర ఫాల్‌కి వస్తే ముఖం చిట్లించుకునే ఒళ్ళో వేసుకునేది.

"ఈటిని కట్టుకుంటే వొంటికి గాలాడదు" అనేది, కట్టుకోబోయే పెళ్ళికూతురి ఎదురుగానే.

చలికాలం మొదలవగానే ఊళ్ళోకి స్వెట్టర్లు అమ్మేవాళ్ళు దిగేవారు. రోడ్డు పక్కన వరసగా టార్పాలిన్లు కట్టి దుకాణాలు పెట్టుకునేవారు. మేమందరం వాళ్ళని నేపాలోళ్ళు అనేవాళ్ళం. నేపాలు కాదు, టిబెట్ అనీ, ఇక్కడికి దగ్గర్లోనే ఒరిస్సా కొండల్లో చంద్రగిరి పక్కన వాళ్ళ ఊళ్ళున్నాయనీ నాకు చెప్పింది వాళ్ళలోనే ఒకావిడ. జిప్పులు ఊడిన జాకెట్లు బాగుచేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేది. నాకంటే పెద్దది, నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను సెల్లీ అనేది. ఆవిడకి వచ్చిన తెలుగంతా మా బజారులో నేర్చుకున్నదే. అందుకని ఏం చెప్పినా స్వెట్టరు అమ్ముతున్నట్టే ఉండేది.

ఒక ఏడాది పెళ్ళిళ్ళ జాకెట్లతో ఊపిరాడకుండా ఉన్న సమయంలో, మధ్యాహ్నం అన్నం వేళకి ఆవిడ ఒక పొడుగాటి మూట తీసుకుని వచ్చింది. చెప్పులు బయటే విడిచి, బల్ల ఖాళీ చెయ్యమని సైగ చేసి, మూట విప్పింది. లోపల చాపలా చుట్టిన ఒక పటం. గుడ్డ మీద వేసిన బొమ్మ. తామరపువ్వులో కూర్చున్న దేవుడు, వెనకాల ఆకుపచ్చని వెలుగు. రంగులు నిన్ననే వేసినట్టున్నాయి. కానీ ఆ బొమ్మ చుట్టూ కుట్టిన జరీబట్ట మాత్రం జీర్ణమైపోయి, ముట్టుకుంటే పోగులు పోగులుగా చేతికి వస్తోంది.

"మా అమ్మ టిబెట్ నుంచి వీపు మీద పెట్టుకుని తెచ్చింది" అంది అక్క. "దేవుడు బాగున్నాడు. బట్టలు పోయాయి. మా కొత్త సంవత్సరం వస్తాది కదా, కొత్త డ్రెస్ కావాలి."

వాళ్ళ ఊళ్ళో ఇలాంటివి కుట్టే ముసలాయనకి చూపు పోయిందట. రెండో మూటలోంచి కొత్త బట్ట తీసింది. ముదురు నీలం పట్టు మీద బంగారు జరీతో మబ్బులు, పువ్వులు, వాటి మధ్య మెలికలు తిరిగిన ఏదో జంతువు. అంత బరువైన బట్టని నేనెప్పుడూ పట్టుకోలేదు. బల్ల మీద పరిస్తే గదిలో దీపం పెట్టినట్టయింది. ఈ బట్టని కాశీలో సాయిబులు చేతిమగ్గాల మీద నేస్తారనీ, వాళ్ళ తాతల కాలం నుంచీ టిబెట్ వాళ్ళ కోసమే నేస్తున్నారనీ అక్క చెప్పింది.

అత్త పీట మీంచి లేచి వచ్చి వంగి చూసింది.

"ఓలమ్మో, ఇదేటే? పాముకి కాళ్ళున్నాయి. మీసాలు కూడా ఉన్నాయి!"

"పాము కాదమ్మా, డ్రాగన్" అంది అక్క. "మంచిది. వాన తెస్తాది."

"వాన తెస్తే మంచిదే" అని అత్త ఒప్పుకుంది. అంతలోనే నావైపు తిరిగి, "దేవుడి పని పిల్లా. తేడా వస్తే మనకేటవుతాదో. ఒద్దని సెప్పీ" అంది.

నాకూ భయంగానే ఉంది. అక్క నవ్వేసి, "మా దేవుడికి కోపం రాదు. గ్యారంటీ" అంది. స్వెట్టరు రంగు పోదని చెప్పేటప్పుడు ఎలా అంటుందో, అచ్చం అలాగే. ఆ మాటకి అత్త కూడా నవ్వింది. నవ్విన తర్వాత కాదనడం కుదరలేదు.

ఆ మర్నాటి నుంచి అక్క తన దుకాణం తెరిచే ముందు పొద్దున్నే మా ఇంటికి వచ్చి కూర్చునేది. పాత కుట్టు విప్పుతూ ఏది ఎక్కడ ఉండాలో చూపించేది. బొమ్మని ఆనుకుని సన్నగా ఎర్రపట్టీ, పసుపుపట్టీ. అది ఇంద్రధనుస్సు అట. దాని చుట్టూ వెడల్పుగా నీలం జరీబట్ట, కిందివైపు ఇంకా వెడల్పు. కింద నడిమధ్యన అన్నిటికంటే మంచి బట్టతో చదరంగా ఒక ముక్క. అది తలుపు. ఆ తలుపులోంచే మనసు లోపలికి వెళ్తుందట. పైనుంచి దేవుడికి తెరలా పల్చని పసుపు పట్టు. అప్పుడు పైనా కిందా కర్రలు దూర్చితే చుట్టేసి ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. గుడారాల్లో తిరిగే మనుషులు కదా, దేవుడు కూడా వాళ్ళతోపాటే ప్రయాణం చేసేవాడు.

వినడానికి సులువుగానే ఉంది. కత్తెర వెయ్యగానే తెలిసింది అసలు సంగతి. కోసిన చోటల్లా జరీ విచ్చిపోతోంది. వెనకవైపు వేలాడే బంగారు పోగులు మిషను పళ్ళలో చిక్కుకుంటున్నాయి. సూది విరిగింది. ఇంకోటి వేస్తే అదీ విరిగింది. నేను తల పట్టుకుని కూర్చుంటే అత్త వంటింట్లోకి వెళ్ళి పల్చగా గంజి కాచి తెచ్చింది. ముందు ఒక పనికిరాని ముక్క మీద రాసి, ఆరబెట్టి, మరక పడలేదని చూసుకుని, అప్పుడు కోసిన అంచులకి వేలితో రాసుకుంటూ పోయింది.

"మా పొందూర్లో గంజి లేకుండా ఏ పోగూ మాట ఇనదు" అంది. అక్క చప్పట్లు కొట్టింది. వాళ్ళ ముసలాయన కూడా పిండి ఉడికించి రాసేవాడట.

మిషను పక్కన పెట్టి ముగ్గురం చేత్తోనే కుట్టాం. కుడుతూ అక్క చెప్పే కబుర్లు వినడానికి జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు కూడా కూర్చుండిపోయేవారు. టిబెట్ వాళ్ళలో ఎంత లేనివాళ్ళైనా ఇంట్లో ఒక్క ముక్కైనా ఈ జరీబట్ట దాచుకుంటారట. పెళ్ళికూతురి అంగీకి ఇదే, గురువు కూర్చునే ఆసనం మీద ఇదే, ముసుగులు పెట్టుకుని నాట్యం చేసే సన్యాసుల దుస్తులూ ఇవే. "మా ఇల్లు పోయింది, పొలం పోయింది. బట్ట మడత పెడితే వస్తాది కదా, అందుకే బట్ట వచ్చింది" అని ఒకసారి నవ్వుతూనే అంది. అత్త లేచి వెళ్ళి గ్లాసెడు టీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

అంతా అయింది, తలుపు ముక్క ఒక్కటే మిగిలింది. దానికోసం అక్క ఎర్రటి జరీముక్క ఒకటి విడిగా కాగితంలో చుట్టి తెచ్చింది. ఎప్పుడో కొని, దీనికోసమే దాచిందట. విప్పితే మధ్యలో చెయ్యి దూరేంత కన్నం. ఎలక కొట్టేసింది. మడతల్లో ఉండబట్టి ఒక్క కన్నం నాలుగు కన్నాలైంది. మళ్ళీ కాశీ నుంచి తెప్పించే వ్యవధి లేదు. ఎంత బేరమాడినా నవ్వే మనిషి, ఆ రోజు ఆ ముక్కని మోకాళ్ళ మీద పెట్టుకుని, కన్నాన్ని వేళ్ళతో మూస్తూ కూర్చుంది. నీలం బట్టలోనే ముక్క తీసి కుడదామన్నాను. తల అడ్డంగా ఊపింది.

అత్త లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఎర్రటి చీర ఉంది, గుడి గోపురాల అంచున్న బరంపురం పట్టు. ఆవిడ పెళ్ళిచీర. నేను ఈ ఇంటికి వచ్చాక దాన్ని చూడటం అదే మొదలు.

"దీని పమిట సెంగు కొయ్యి" అంది.

"అత్తా, నీ పెళ్ళిచీర!"

"అవును, నాదే. రోహిణికార్తెలో పెళ్ళి సేసినారు. ఇది కట్టుకుని పీటల మీద కూకుంటే ఉక్కకి కళ్ళు తిరిగి పడిపోనాను. మీ మావ తాళి కట్టీసరికి నాను సోయలో లేను. మల్లీ దీని జోలికి ఎల్తే ఒట్టు. నాకు గాలాడలేదు గానీ, తలుపుకి గాలెందుకు?"

నేను అక్క వైపు చూశాను. ఒకరు కట్టి విడిచిన చీర దేవుడికి పనికొస్తుందా అని నా సందేహం. అక్క అప్పటికే చీరని రెండు చేతులతో అందుకుని నుదుటికి ఆనించుకుంది. వాళ్ళ దేశంలో గొప్పవాళ్ళు తమ పెళ్ళిబట్టలని మఠానికి ఇచ్చేవారనీ, వాటినే తెరలుగా, నాట్యం దుస్తులుగా కుట్టేవారనీ చెప్పింది. "మనం ఇష్టంగా ఇస్తే చాలు. కొత్తదా, పాతదా, దేవుడు చూడడు. సైజు ఒకటే ముఖ్యం."

మడతల దగ్గర పట్టు చిట్లి ఉంది. ఆ మడతలు తప్పించి, జరీ నిండుగా ఉన్నచోట గీత గీసి, కత్తెర పట్టుకుని మళ్ళీ అత్త వైపు చూశాను. అత్త నా చేతిలోంచి కత్తెర లాక్కుని కరకరా కోసేసింది. తర్వాత ఆ ముక్క చుట్టూ కుట్టు కూడా ఎవరినీ ముట్టనివ్వలేదు. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, చీమ తలకాయంత కుట్టుతో తనే కుట్టింది. పని పూర్తయ్యాక పటాన్ని నిలువుటద్దానికి ఆనించి చూశాం. నీలం మబ్బుల మధ్య ఎర్రటి తలుపు. మా వీధి ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. ఒకావిడ దణ్ణం పెట్టి, జాకెట్ ఎప్పుడిస్తావని అడిగింది.

కొత్త సంవత్సరానికి మీరిద్దరూ రావాలని అక్క మాట తీసుకుని వెళ్ళింది. అత్త ఎక్కడికీ కదలని మనిషి, వెంటనే సరేనంది. బరంపురం దాకా రైలు, అక్కణ్ణించి కొండలెక్కే బస్సు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అత్త నా చెయ్యి నొక్కి పట్టుకుంది గానీ చూపు మాత్రం కిటికీ మీంచి తిప్పలేదు. కొండల మధ్య మొక్కజొన్న పొలాలు, ఇళ్ళ మీద తోరణాల్లా రంగురంగుల జెండాలు.

అక్క ఇంట్లో మాకు వెన్న వేసిన టీ ఇచ్చారు. అత్త ఒక గుక్క తాగి నా చెవిలో, "టీలో ఉప్పేసినారే. పాపం, తెలీక ఏసినట్టున్నారు, ఏటీ అనకు" అంది. గ్లాసు ఖాళీ చేస్తే మళ్ళీ నింపుతారన్న సంగతి మాకు తెలీదు. మర్యాదకి అత్త మూడు గ్లాసులు తాగింది.

మఠం ముందు నాట్యం జరిగింది. పెద్ద పెద్ద బాకాలు మోగుతుంటే ముసుగులు పెట్టుకున్న సన్యాసులు గిర్రున తిరిగారు. నేలని తాకేంత వెడల్పైన అంగీ చేతులు, అన్నీ జరీబట్టే. ఎండ పడి ఒక్కొక్క చెయ్యీ మంటలా లేచింది. అత్త నోరు తెరుచుకుని చూస్తూ, "ఈళ్ళకి ఉక్కబొయ్యదేటే?" అంది. కాసేపయ్యాక, "అందంగా ఉన్నాదే" అని తనలో తను అనుకున్నట్టుగా అంది. పట్టు గురించి ఆవిడ నోటి నుంచి ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం అక్క ఇంటి పూజగదిలో పటం చూశాం. నేతిదీపాల వెలుగులో తెర పైకి కట్టి ఉంది. చూపు పోయిన ఆ దర్జీ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన బొమ్మని తాకలేదు. అంచుల వెంట వేళ్ళు నడిపించుకుంటూ కింద తలుపు దగ్గరికి వచ్చి ఆగి, ఏదో అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

"ఏటంతన్నాడు?" అంది అత్త కంగారుగా.

"పట్టు చాలా బాగుందంట" అంది అక్క. "కానీ కట్టినావిడ దీన్ని ఎక్కువ కట్టలేదంట."

"ఒక్కపాలే కట్టినానని సెప్పు!" అంది అత్త. "కళ్ళు తిరిగి పడిపోనానని కూడా సెప్పు!"

అక్క వాళ్ళ భాషలో చెప్పింది. ముసలాయన పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వి, అత్త తల ఎక్కడుందో తడుముకుని చెయ్యి పెట్టి దీవించాడు. అత్త నూలుచీర చెంగు భుజం నిండా కప్పుకుని, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని నిలబడింది.

మర్నాడు బస్సెక్కేటప్పుడు చూస్తే అత్త ఒళ్ళో పెద్ద మూట ఉంది. ఏమిటని అడిగితే, ఆ ఊరి ఆడవాళ్ళు కుట్టమని ఇచ్చిన జరీబట్టలంది. ఒకావిడకి గుమ్మం తెర, ఇంకొకావిడకి కూతురి పెళ్ళి అంగీ, మఠానికి స్తంభాల మీద వేలాడదీసే పట్టీలు.

"అత్తా, పెళ్ళి జాకెట్లే ఇంకా అవలేదు. నువ్వేటి సెప్పినావు వాళ్ళకి?"

"ఒప్పీసుకున్నాను" అంది అత్త, మూట మీద చెయ్యి వేసి కిటికీలోంచి కొండల్ని చూస్తూ. "నువ్వు కొయ్యి సాలు. కుట్టడం నాను కుడతాను."