అమ్మగారి అపాయింట్‌మెంట్

2022లో నేను కిషన్‌బాగ్‌లోని ఒక చర్చి ఆఫీసులో క్లర్కుగా ఉన్నాను. బయటి గదిలో నేను, లోపలి గదిలో పాస్టరుగారు. బాప్తిస్మం సర్టిఫికెట్లు రాయడం, పెళ్లి బాన్స్ సిద్ధం చెయ్యడం నా పని. బాన్స్ అంటే ఫలానా వారికి పెళ్లి, అభ్యంతరముంటే చెప్పండని వరసగా మూడు ఆదివారాలు చదివే ప్రకటన. పాస్టరుగారి వేళలు చూడడం కూడా మెల్లగా నా మీదే పడింది.

ఆయన ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. బహదూర్‌పురాలో ఎవరికో జ్వరమంటే తింటున్న పళ్లెం వదిలి లేచేవారు. ఆదివారం ప్రసంగం బండి మీద వస్తూ ఆలోచించుకునేవారు. ఒకసారి పాస్టర్ల సదస్సులో టైం మేనేజ్‌మెంట్ క్లాసు విని వచ్చారు. ఇద్దరం కూర్చుని వారాన్ని గళ్లుగా విడగొట్టాం. పొద్దున ప్రసంగం తయారీ, మధ్యాహ్నం అపాయింట్‌మెంట్లు, సాయంత్రం విజిటేషన్, అంటే ఇళ్లకు వెళ్లి ప్రార్థన చెయ్యడం. సోమవారం సాయంత్రం గడిలో ‘కుటుంబం’ అని ఆయనే రాసుకున్నారు.

పట్టిక బాగా పనిచేసింది. ప్రసంగాలు బాగుపడ్డాయని సంఘ పెద్దలు మెచ్చుకున్నారు. నాకూ గర్వంగా ఉండేది. అయితే మధ్యలో ఏ చావో, ఆసుపత్రో వచ్చిపడితే ఆగిపోయిన పనిని ఎక్కడో ఒకచోట ఇరికించాలి. అయ్యగారిని ఒకమాట అడిగి నేను సోమవారం సాయంత్రంలో ఇరికించేదాన్ని. ఆ గడి తీసేస్తే ఫోన్ చేసి గొడవపడేవాళ్లు ఎవరూ లేరు మరి.

ఒకరోజు పాస్టరుగారి భార్య శాంతమ్మగారు ఆఫీసుకు వచ్చారు. అందరితోపాటు బెంచీ మీద కూర్చుని, తన వంతు వచ్చాకే నా బల్ల దగ్గరికి వచ్చారు.

“నా పేరు గూడ రాయి బిడ్డా. పావుగంట సాలు.”

నేను నవ్వాను. “గదేందమ్మా, అయ్యగారితోని ఇంట్ల మాట్లాడొచ్చు గద?”

“ఇంట్ల ఫోన్ మోగుతనే ఉంటది. గీడైతే నువ్వు ఎవ్వల్ని లోపలికి రానియ్యవు.”

ఆమె నవ్వలేదు. విషయం ఏమని రాయాలని అడిగితే, “ప్రార్థన అని రాయి. నేనొస్తనని ఆయనకు ముందుగాల చెప్పకు, ఫికర్ జేస్తరు” అన్నారు. గురువారం మూడు గంటలకు రాశాను.

గురువారం ఒక భూస్థాపన వచ్చింది. ఫోన్ చేసి చెప్తే, “సావింటికి పోవాలె గద, పోనీ. నాది మల్ల రాయి” అన్నారు. మరుసటి వారం పెద్దల మీటింగు అడ్డొచ్చింది. మూడోవారం ఆమె లోపలికి వెళ్లారు. తలుపు ఓరగా ఉంది.

“ఏంది శాంతా, నువ్వొచ్చినవ్?”

“రొమ్ముల గడ్డ ఉన్నదండీ. ముక్క దీసి పరీక్ష జెయ్యాలన్నది డాక్టరమ్మ. మీరు తోడొస్తరని ఆగిన.”

పావుగంట దాటింది. తర్వాతి మనిషిని నేను పిలవలేదు. కొంతసేపటికి పాస్టరుగారు బయటికి వచ్చి నా రిజిస్టర్ తీసుకుని వెనక్కి తిప్పారు. రెండుచోట్ల కొట్టేసి ఉన్న ఆమె పేరు చూశారు. ఆ సాయంత్రమే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అప్పటికే రోగం పాకింది. పది నెలలు వైద్యం జరిగింది. బుధవారం ప్రార్థనలూ విజిటేషనూ పెద్దలకు అప్పగించి ఆయన మంచం పక్కనే ఉన్నారు. పాస్టరుగారు లేనిదే కుదరదన్న పనులన్నీ పెద్దలతోనే జరిగిపోయాయి. అది చూస్తుంటే నాకు ఇంకా దుఃఖం వచ్చేది.

ఆమె పోయిన నెలకు, ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్లాను. “అమ్మగారు పేరు రాయించుకున్నరని నేను మీకు ముందే జెప్పవల్సింది అయ్యగారూ” అన్నాను.

ఆయన నన్ను కూర్చోమన్నారు. “మూడు వారాలతోని రోగంల ఫరక్ పడలేదన్నది డాక్టరమ్మ. నిజమే గావచ్చు. గని ఆ మూడు వారాలు ఆమె ఒక్కతే మోసింది బిడ్డా. సోమవారం గడి నువ్వు దియ్యలె. నువ్వడిగినప్పుడల్ల నేనే సరే అన్న.”

తర్వాత ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. ఇప్పుడు కొత్త పాస్టరుగారి వారం కూడా నేనే రాస్తాను. రాసేముందు వాళ్లింటికి ఫోన్ చేసి, “ఈ వారం మీకేమన్న పని ఉన్నదా అమ్మా?” అని ఆయన భార్యను అడుగుతాను. ఏం లేదనే అంటారు. అడగనివాళ్లకు అవసరం లేదనుకోవడం నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు. అందుకే ఆమె ఏం లేదన్నాక కూడా, నేను వెంటనే ఫోన్ పెట్టెయ్యను.